పేరు పలకని ఓడ

గాలి దక్షిణం వైపు తిరిగింది. అర్కదత్తుడు పొద్దున్నుంచీ ఎదురుచూస్తున్నది ఆ గాలి కోసమే. అయినా అది తిరిగిన క్షణం నుంచి చుక్కాని పట్టుకున్న అతడి అరచేతులు చెమటతో జారిపోసాగాయి.

ఎక్కడో కింద సముద్రం నీలిరంగు పళ్లెంలా మెరుస్తోంది. ఆ పళ్లేనికీ ఓడకూ మధ్య ఏకిన దూదిలాంటి మేఘాలు మందలు మందలుగా సాగుతున్నాయి. వాటి మీదుగా తెరచాపలు కొంగరెక్కల్లా విప్పుకుని ఓడ దూసుకుపోతోంది. అభ్రపురి కొండల్లో తప్ప మరెక్కడా పెరగని గగనమద్ది చెట్టు కలపతో చేసిన ఓడ అది. ఆ కలపకు నేలంటే గిట్టదు. రాళ్ళబస్తాలు వేసి అణచి ఉంచితేనే రేవులో నిలుస్తుంది. బస్తాలు దింపితే చాలు, ఆకాశానికి లేస్తుంది. ఓడ ముందుభాగాన, పడవవాళ్ళు అణియం అనే చోట, బంగారు రేకుతో పొదిగిన పిడుగు గుర్తు ఎండకు ధగధగలాడుతోంది.

ఆ గుర్తును చూసినప్పుడల్లా అర్కదత్తుడికి కొండంత ధైర్యం కలిగేది. ఇవాళ మాత్రం ఆ ధైర్యం నిలవడం లేదు.

అభ్రపురి రాకుమారుడైన అతడు ఈ ఓడలో కూలికి కుదిరిన కళాసీ వేషంలో ఉన్నాడు. గుండు గీయించుకున్నాడు. ఒంటికి తారు పూసుకున్నాడు. ఉప్పుదీవి రేవులో ఓడ ఆగినప్పుడు, జబ్బుపడ్డ కళాసీ స్థానంలో, గూడయ్య అనే పేరుతో ఎక్కాడు. ఇదంతా అక్క కోసం. శత్రువుల చేజిక్కిన ఈ అభ్రపురి ఓడ అడుగు అరలో రాకుమార్తె కువలయ బందీగా ఉంది. పొద్దు వాలేలోగా ఓడ లోహితగిరి చేరుతుంది. అక్కడ భస్మజటుడనే మాంత్రికుడు హోమగుండం వెలిగించి ఎదురుచూస్తున్నాడు. ఆ గుండం ముందు కువలయను నిలబెడితే ఆమె గొంతు అతడి గొంతులోకి వెళ్ళిపోతుంది. ఇక జన్మలో ఆమె మాట్లాడలేదు.

ఒక రాకుమార్తె గొంతు మాంత్రికుడికి ఎందుకు? అభ్రపురి ఆచారం తెలిస్తే గాని అది అర్థం కాదు.

ఆ రాజ్యంలో కదిలే వాహనానికల్లా వాతావరణం పేరే పెడతారు. యుద్ధనౌకలు ఈదురుగాలి, వడగళ్ళు. రాజుగారి రథం మెరుపు. బియ్యం మోసే ఎడ్లబండ్ల వరస మొత్తానికీ కలిపి ముసురు. పేరు పెట్టే హక్కు రాజకుటుంబంలో పెద్ద ఆడపడుచుదే. వాహనం చెవి దగ్గర, అంటే అణియంలో తొలిచిన చిన్న రంధ్రం దగ్గర, ఆమె నోరు పెట్టి మూడుసార్లు పేరు చెబుతుంది. ఆ తర్వాత ఆ వాహనం ఎక్కినవాళ్ళు ఎవరూ ఆ పేరు పలకకూడదు. కోడలు మామగారి పేరు పలకనట్టే. పలికితే పిలిచినట్టే లెక్క. పిలిస్తే ఆ గాలో వానో వచ్చి తీరుతుంది.

పిలవకుండా తనంతట తానే వచ్చిందనుకోండి, అప్పుడు పెద్దలు ఎదురుపడినట్టు. తెరచాపలు దించాలి, కళ్ళు మూసుకుని తలలు వంచాలి, ఓడను నడిపే సరంగు శంఖం ఊదేదాకా అలాగే నిలబడాలి. ఇంత మర్యాద చేసినందుకు అది కూడా తన పేరుగల వాహనం మీద చెయ్యి చేసుకోదు. పక్కనుంచి వెళ్ళిపోతుంది. తరతరాలుగా ఇది ఎన్నడూ తప్పలేదు.

అర్కదత్తుడు దీన్నే నమ్ముకున్నాడు. ఈ ఓడకు పేరు పెట్టిన రోజు అతడు పసివాడు. మేనత్త చంకలో ఉండి, ఆమె అణియం మీదికి వంగి "పిడుగు" అని చెప్పడం చెవులారా విన్నాడు. కాబట్టి ఓడను ఉరుముల మేఘంలోకి నడిపితే చాలు. కళాసీలంతా కళ్ళు మూసుకుంటారు. ఓడ చుట్టూ గాలి ఆగిపోతుంది. ఆ కాసేపట్లో అక్కను బయటికి తెచ్చి, ఓడ వెనకభాగాన కట్టి ఉన్న చిన్న పడవలో ఎక్కించుకుని మేఘాల్లోకి జారిపోవచ్చు.

దక్షిణాన ఆ మేఘం ఉంది. నల్లగా, ఏనుగుల గుంపు మోకాళ్ళ మీద కూర్చున్నట్టుగా ఉంది. లోపల అప్పుడప్పుడు తెల్లటి గీత తళుక్కుమంటోంది.

అర్కదత్తుడు చుక్కానిని ఎవరికీ తెలియకుండా కొంచెం కొంచెంగా అటు తోశాడు.

"ఒరే గూడయ్యా!"

అతడు చుక్కానిని బిగించి పట్టుకున్నాడు. వెనక్కి చూస్తే వంటవాడు నూకయ్య. చేతిలో గెరిటె, భుజం మీద తడిగుడ్డ.

"అటేపు పోతన్నావేటిరా? కళ్ళు గానీ కనపడ్డం నేదేటి? అదుగో, ఆ నల్లటి మబ్బు సూసినావా?"

"గాలి అటు లాగేస్తోంది నూకయ్య మావా. నేనేం చెయ్యను?"

"గాలి లాగితే ఎలిపోడమే? మరి నిన్ను జీతమిచ్చి పెట్టుకున్నదెందుకు, గాలికి తోడెళ్ళడానికా?" అని నూకయ్య గెరిటె ఊపాడు. అంతలోనే గొంతు తగ్గించాడు. "ఆ సచ్చినోడు సూస్తే నీ తోలు ఒలుస్తాడు. ఇటు తిప్పు."

ఆ సచ్చినోడంటే కర్కటుడు. భస్మజటుడి శిష్యుడు. ఎర్రబట్టలు, ఎముకల దండ, నడుముకు వంకరకత్తి. లోహితగిరిలో పుట్టి పెరిగినవాడు కావడంతో ఓడ ఎక్కినప్పటినుంచీ అతడికి కడుపులో తిప్పుతోంది. ఒక చేత్తో ఓడ అంచు పట్టుకుని, మరో చేత్తో నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, కాసేపటికోసారి కిందకు వంగి డోకుతున్నాడు. డోకి లేచినప్పుడల్లా ఎవరో ఒకరిని తిడుతున్నాడు.

"కింద మబ్బుల్ని పాడుచేసేస్తన్నాడు మహానుభావుడు," అన్నాడు నూకయ్య. "ఏ ఊరోళ్ళ పొలాల మీద వానొస్తాదో ఏటో, పాపం."

కళాసీలు నవ్వు ఆపుకున్నారు. అర్కదత్తుడూ నవ్వబోయాడు గాని పెదవులు కదలలేదు. నూకయ్య మాటలో ఏదో తేడా ఉంది. పిడుగు పేరుగల ఓడలో ఉన్నవాడు ఉరుముల మబ్బును చూసి ఎందుకు భయపడాలి? ఆలస్యమవుతుందని విసుక్కుంటే అర్థముంది. కానీ ఇతడి ముఖంలో ఉన్నది విసుగు కాదు.

ఆలోచించేందుకు వ్యవధి లేకపోయింది. మేఘమే ఎదురొచ్చింది.

ఒక్కసారిగా వెలుగు ఆరిపోయింది. గాలి ఊళపెట్టింది. తెరచాపలు పొట్టలు ఉబ్బించుకుని, విరిగే కొమ్మల్లా ఫెళఫెళమన్నాయి. వానచినుకులు గులకరాళ్ళలా వచ్చి తగిలాయి. సరంగు దాలప్ప పైతట్టు మీదికి పరుగెత్తుకొచ్చాడు. దాలప్ప నెరిసిన గడ్డంవాడు. పుట్టుకతో అభ్రపురివాడు, ఈ ఓడను అది పుట్టిన రోజునుంచీ నడుపుతున్నవాడు.

"ఎవుడ్రా చుక్కాని దగ్గర? తిప్పండ్రా! వెనక్కి తిప్పండి!"

అప్పుడు ఆకాశం రెండుగా చీలింది. ఓడకు ఎడమవైపు, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, పిడుగు పడింది.

అర్కదత్తుడు వెంటనే చుక్కాని వదిలేశాడు. కళ్ళు మూసుకున్నాడు. తల వంచాడు. చిన్నప్పటినుంచీ అలవాటైన పని కావడంతో చేతులు వాటంతట అవే లేచాయి. మనసులో లెక్కవేసుకుంటున్నాడు. ఇప్పుడు తెరచాపలు దిగుతాయి. ఇప్పుడు గాలి ఆగుతుంది. ఇప్పుడు...

గాలి ఆగలేదు. తెరచాపలు దిగలేదు. ఓడ పిచ్చెత్తిన గుర్రంలా ముందుకు దూకింది.

కళ్ళు తెరిచాడు.

తల వంచినవాడు తనొక్కడే. కళాసీలంతా తాళ్ళు పట్టుకుని వేలాడుతూ, వానలో తడుస్తూ, నోళ్ళు తెరుచుకుని తనవైపే చూస్తున్నారు. ముఖం వైపు కాదు, చేతులవైపు.

తన చేతుల్ని తను చూసుకున్నాడు. కళాసీలు మొక్కేటప్పుడు చేతులు జోడిస్తారు. పేరు పెట్టే రాజకుటుంబంవాళ్ళు మాత్రం జోడించరు, దోసిలి పడతారు. గుండు గీయించుకున్నాడు, తారు పూసుకున్నాడు, పేరు మార్చుకున్నాడు. దోసిలి సంగతి మాత్రం మరిచిపోయాడు.

"ఓలమ్మో!" అన్నాడు నూకయ్య. గెరిటె చేతిలోంచి జారి పడింది.

"ఏమిటది? ఏం చేస్తున్నాడు వాడు?" కర్కటుడు ఓడ అంచును పట్టుకుని నడుస్తూ ఇటే వస్తున్నాడు. చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది. "సరంగూ! చుక్కాని వదిలేసి ఆ చేతులేమిటి వాడికి?"

దాలప్ప అర్కదత్తుడి కళ్ళలోకి చూశాడు. చాలాసేపు చూసినట్టనిపించింది. ఆ చూపులో గుర్తుపట్టడం ఉంది, కోపం ఉంది, జాలి కూడా ఉంది. ఒక్కమాట చాలు. ఆ ఒక్కమాటతో తన తల ఎగిరిపోతుంది, అక్క బతుకు ముగిసిపోతుంది.

"దాహమేసినట్టుంది బాబూ," అన్నాడు దాలప్ప. "వాననీళ్ళు పడతన్నాడు. ఉప్పుదీవోళ్ళకి తీపినీళ్ళు కనపడితే ఒళ్ళు తెలీదు."

"తాగినాక నాకూ రెండు గుక్కలుంచరా," అని నూకయ్య వెంటనే అందుకున్నాడు.

కర్కటుడు అనుమానంగా చూశాడు. ఇంకేదో అడగబోయాడు. అంతలో ఓడ ఒక పక్కకు ఒరిగింది. అతడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అంచు దగ్గరికి పరుగెత్తాడు.

దాలప్ప ఒక్క అంగలో వచ్చి అర్కదత్తుడి మెడపట్టి చుక్కాని మీదికి వంచాడు. చూసేవాళ్ళకు కొడుతున్నట్టే ఉంది.

"సిన్నబాబూ," అన్నాడు చెవిలో. "ఎంత పని సేసినావు నాయనా!"

"సరంగూ, తెరచాపలు ఎందుకు దించలేదు? పెద్దలు ఎదురొస్తే..."

"ఈ పెద్దలు మావాళ్ళు కారు బాబూ. ఎప్పుడో కాకుండా పోయినారు. ఓడకి రెండోసారి బారసాల సేసీసినారు. గుర్తు మాత్రం పాతదే ఉంచినారు. నీలాటోళ్ళు రావాలనే ఉంచినారేమో."

అర్కదత్తుడి కాళ్ళ కింద ఓడ మాయమైనట్టయింది. ఎక్కినప్పటినుంచీ ఈ ఓడలో అందరితో కలిసి తిన్నాడు, కలిసి పడుకున్నాడు. ఓడ కొత్తపేరు ఒక్కసారి కూడా వినలేదు. ఎలా వింటాడు? పలకకూడదుగా! తను వినలేదని అనుమానమైనా రాలేదు. మర్యాద పాటిస్తున్నారనుకున్నాడు.

"ఇప్పుడు దీని పేరేమిటి?"

"నేనెలా సెప్తాను?" అన్నాడు దాలప్ప. ఏడుపు గొంతు. "నన్నడక్కు. సూడు పైకి. ఆ పిడుక్కి మనం ఎవులం? దారిన పోయే దుంగ. ఇంకో దెబ్బకి కాల్చీస్తాది."

అన్నట్టుగానే రెండో పిడుగు పడింది. ఈసారి పక్కన కాదు, నడిమి కొయ్యస్తంభం నెత్తిన. స్తంభం నిలువునా చీలి మండింది. ఇద్దరు కళాసీలు కాలిన తాళ్ళతో సహా కిందపడి, పైతట్టు మీద దొర్లారు. గగనమద్ది కలప నీటికి తట్టుకుంటుంది, గాలికి తట్టుకుంటుంది. నిప్పుకు తట్టుకోదు.

"నీళ్ళు! నీళ్ళు తోడండ్రా!" అని దాలప్ప అరిచాడు. అర్కదత్తుడిని ఒక్క తోపు తోశాడు. "నువ్వు కిందకి పో! అడుగు అరలోకి నీళ్ళొచ్చీసుంటాయి. పోయి సూడు!"

అందరూ వినేలా అరిచాడు. ఆ అర గుమ్మం దగ్గర కాపలా ఉండాల్సిన కర్కటుడు ఓడ అంచు మీద వేలాడుతున్నాడు.

అర్కదత్తుడు నిచ్చెన మెట్ల మీద నడవలేదు, జారాడు. చీకట్లో తలుపు అడ్డగడియ తడిమి పట్టుకున్నాడు. తడిసి ఉబ్బిన గడియ కదలలేదు. భుజంతో గుద్దాడు. మళ్ళీ గుద్దాడు. పైన మంట చిటపటలాడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మూడోసారికి గడియ ఊడింది.

కువలయ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మోకాళ్ళదాకా నీళ్ళు. చేతికి దొరికిన విరిగిన పీపా చెక్కను ఎత్తి పట్టుకుంది. కొట్టబోయి ఆగింది.

"తమ్ముడూ?"

"అవునక్కా. పద."

"నీ జుట్టేదిరా?"

ఆ మాటకు ఇద్దరికీ ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రెండింటికీ సమయం లేదు. ఆమె చేతులకున్న తాడు కోస్తూ అడిగాడు.

"అక్కా, ఈ ఓడకు రెండోపేరు ఎవరు పెట్టారు? నువ్వు ఉండగా ఇంకెవరు పెట్టగలరు?"

"నేనే పెట్టాను," అంది కువలయ. తల దించుకోలేదు. "కళాసీల పిల్లలందరినీ పట్టుకుని, దారిలో ఒక కొండ మీద వరసగా నిలబెట్టాడు భస్మజటుడు. ఒక్కొక్కరినే లోయ అంచుకు జరిపించాడు. దాలప్ప మనవరాలు అందరికంటే ముందు ఉంది. నేను ఏం చెయ్యను? ఓడ చెవిలో వాడు చెప్పిన పేరే చెప్పాను. ఇప్పుడు మన నౌకలన్నిటికీ అదే పేరు పెట్టాలంటాడు. అప్పుడు వాడు ఊ అంటే మన సైన్యం మొత్తం తెరచాపలు దించి తలలు వంచుతుంది. ఒప్పుకోనన్నాను. అందుకే నా గొంతు కావాలి వాడికి."

ఓడ దభీమని కిందకు జారింది. పైనుంచి ఎవరిదో కేక. కాలుతున్న చెక్క ఒకటి మెట్ల మీద దొర్లుకుంటూ వచ్చి నీళ్ళలో బుస్సుమంది.

"ఓడ కాలిపోతోంది," అన్నాడు అర్కదత్తుడు. "నేనే దీన్ని పిడుగుల్లోకి తెచ్చాను. ఇంకో దెబ్బకు ఆగదు. పైన ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే."

కువలయ చెయ్యి గోడ మీదున్న తడి కలపను నిమిరింది.

"దీని పేరుగల పెద్ద వస్తే పిడుగును తరిమేస్తుంది," అంది. "పిలిస్తే వస్తుంది. కానీ దాని వెనకే వాడూ వస్తాడు. అది వాడి కొండ మీద పుట్టిన గాలి."

"రావడానికి ఎంతసేపు పడుతుంది?"

"గాలి ముందు వస్తుంది. వాడు దాని మీద నడిచి వస్తాడు. ఆ రెంటి మధ్య ఎంత వ్యవధి ఉంటుందో అంతే మనకు మిగిలేది."

అర్కదత్తుడు తల ఊపాడు.

కువలయ గోడకు నోరు ఆనించింది. ఓడలో ఎవరూ పలకకూడని మాటను, ఓడ కడుపులో నిలబడి, గట్టిగా పలికింది.

"ఎర్రదుమారం!"

ముందు ఏమీ జరగలేదు. ఆ తర్వాత పైన వాన చప్పుడు ఆగిపోయింది. ఎక్కడో దూరంగా, వెయ్యి తిరగళ్ళు ఒకేసారి తిరుగుతున్నట్టు మోత మొదలైంది.

ఇద్దరూ మెట్లెక్కి పైకి వచ్చేసరికి లోకం రంగు మారిపోయింది. పడమటి దిక్కునుంచి ఎర్రటి ధూళిగోడ ఆకాశమంత ఎత్తున లేచి వస్తోంది. కుంకుమ రాసిలా ఉంది, కొలిమిలా ఉంది, లోపల ఏవో గుండ్రంగా తిరుగుతున్నాయి. అది తగలగానే నల్లటి మేఘం చిరిగిన కంబళిలా ముక్కలై తూర్పుకు పారిపోయింది. కొయ్యస్తంభం మీది మంటను ధూళి కప్పేసి ఆర్పేసింది. పిడుగు మళ్ళీ పడలేదు.

కళాసీలు తెరచాపలు దించేశారు. నూకయ్య, దాలప్ప, దెబ్బలు తగిలినవాళ్ళతో సహా అందరూ అణియం వైపు వరసగా నిలబడి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, తలలు వంచారు. కర్కటుడు బోర్లా పడుకుని ముఖం చెక్కలకు అదుముకున్నాడు. గురువు గాలి మీద నడుస్తుండగా కళ్ళెత్తి చూసినవాడి కళ్ళు పోతాయని వాడి నమ్మకం.

ఓడ నిశ్చలంగా ఆగింది. ఓడ చుట్టూ మాత్రం దుమారం గిరగిరా తిరుగుతోంది.

అక్కాతమ్ముళ్ళు వంగిన తలల వరస వెనకనుంచి, అడుగుల చప్పుడు కాకుండా, ఓడ వెనకభాగానికి పరుగెత్తారు. అక్కడ రాళ్ళబస్తాల బరువుతో చిన్న గగనమద్ది పడవ మోకుకు వేలాడుతోంది. అర్కదత్తుడు అంచు మీదనుంచి కిందకు చూశాడు. ఎర్రటి సుడి ఓడ పక్కలను రాసుకుంటూ పోతోంది. మోకు కోసేస్తే పడవను ఓడకేసి కొట్టి పిప్పి చేస్తుంది. సుడి అడుగుకు చేరేదాకా మెల్లగా దించాలి. పైనుంచి ఎవరో ఒకరు మోకును గుంజకు చుట్టి, పట్టుకుని, వదులుతూ ఉండాలి.

కువలయకూ ఆ సంగతి అర్థమైంది.

"నువ్వు దిగు," అంది. "నేను పట్టుకుంటాను."

"నువ్వు దొరికితే అభ్రపురి పోతుందక్కా. నేను దొరికితే నేను ఒక్కడినే పోతాను."

"ఏం మాటలురా అవి! నీకు బుద్ధి ఎప్పుడొస్తుంది?"

"వచ్చాక తిట్టు. ముందు ఎక్కు."

ఆమె పడవ అంచు మీద చెయ్యి వేసి ఆగిపోయింది. "దీనికి పేరు లేదు తమ్ముడూ. పేరులేని దానిలో ఎప్పుడైనా ఎవరైనా ఎక్కారా? మనకు దిక్కయ్యే గాలి ఒక్కటీ ఉండదు."

"మనల్ని ఆపే గాలీ ఉండదు. కిందకు దిగాక నువ్వే పెట్టుకో." ఆమెను ఎత్తి పడవలో కూర్చోబెట్టాడు. "ఏ పేరు పెడతావో మాత్రం నాకు చెప్పకు. నన్ను అడుగుతారు."

కువలయ తమ్ముడి గుండు మీద చెయ్యి వేసి తీసింది.

"పిల్లల సంగతి?" అన్నాడు అర్కదత్తుడు మోకు విప్పుతూ.

"నా గొంతు దక్కేదాకా వాళ్ళను ఏమీ చెయ్యడు. బేరానికి వాళ్ళే కావాలి వాడికి. నేను నౌకలతో వస్తానని దాలప్పకు చెప్పు. నువ్వూ..."

దుమారం మోతలో మిగతా మాట కలిసిపోయింది. పడవ దిగడం మొదలైంది.

మోకు బరువుగా ఉంది. తడిసి ఉంది. గుంజ చుట్టూ జరుగుతుంటే అరచేతుల చర్మం ఊడివస్తోంది. సుడి పడవను పట్టి గుంజినప్పుడల్లా భుజాల కీళ్ళు కరకరమంటున్నాయి. అర్కదత్తుడు కాళ్ళు చెక్కలకు తన్నిపెట్టి, పళ్ళు బిగించి, కొద్దికొద్దిగా వదులుతున్నాడు. కింద ఎర్రటి పొగలో పడవ చెప్పంత అయింది, ఆకంత అయింది, ఆ తర్వాత కనిపించలేదు. మోకు బరువే ఆమె ఉందన్న గుర్తు. సుడి దాటగానే ఆమె కొక్కెం విప్పి, బస్తాలు పారేసి తేలిపోతుంది. విప్పితే బరువు పోతుంది.

ఇంకా పోలేదు.

తిరగళ్ళ మోత హఠాత్తుగా తగ్గింది. ఓడ ముందువైపు చెక్కలు కిర్రుమన్నాయి. ఎవరో ఎక్కారు.

అర్కదత్తుడు తల తిప్పలేదు. తిప్పితే పట్టు సడలుతుంది. అడుగులు వినిపిస్తున్నాయి. తొందర లేని అడుగులు. వరసలో ఒక్కొక్కరి ముందూ ఆగి, మళ్ళీ కదులుతున్నాయి. కాలిన గుగ్గిలం వాసన వచ్చింది.

"తల వంచారు. బాగుంది," అంది ఒక గొంతు. ముసలి గొంతు, పిల్లలతో మాట్లాడినంత మెత్తగా ఉంది. "నన్ను పిలిచింది ఎవరో?"

అడుగులు మళ్ళీ కదిలాయి.

తను కూడా వెళ్ళి ఆ వరసలో నిలబడవచ్చు. చేతులు జోడించి కళ్ళు మూసుకుంటే చాలు, తారు పూసుకున్న గుండుకళాసీల్లో తనూ ఒకడు. ఇప్పటికీ వ్యవధి ఉంది. కానీ చేతులు జోడించాలంటే మోకు వదలాలి.

ఇంకో బార వదిలాడు. బరువు అలాగే ఉంది. ఇంకో బార. అరచేతుల్లోంచి కారిన నెత్తురు మోకు మీద ఎర్రధూళితో కలిసిపోతోంది.

అడుగులు దాలప్పను దాటాయి. నూకయ్యను దాటాయి. కర్కటుడి దగ్గర ఆగాయి. "లేవకు, లేవకు," అంది ఆ గొంతు. మళ్ళీ కదిలాయి. ఓడ వెనకవైపుకు వచ్చాయి. ఆగిపోయాయి. గుగ్గిలం వాసన ఇప్పుడు మెడ వెనక ఉంది.

"ఇంతమంది మొక్కుతున్నారు," అన్నాడు భస్మజటుడు. "నువ్వు ఒక్కడివే చేతులు జోడించవేం నాయనా?"

అర్కదత్తుడు మోకును ఇంకో బార వదిలాడు.

"ఖాళీ లేవు," అన్నాడు.

చల్లటి చెయ్యి ఒకటి వచ్చి అతడి భుజం మీద వాలింది. వేళ్ళు ఒక్కొక్కటే బిగుసుకున్నాయి. ఆ వేళ్ళ కిందనుంచి తిమ్మిరి చేతిలోకి పాకింది, మోచేతిని దాటింది, మణికట్టుకు చేరింది. పట్టు జారుతోంది. మోకు చివరి చుట్టు గుంజ మీద మిగిలింది.

అప్పుడు బరువు పోయింది. మోకు గాలిలో తేలికగా ఊగింది.

అర్కదత్తుడు దాన్ని వదిలేసి మాంత్రికుడి వైపు తిరిగాడు.

"ఇప్పుడు ఖాళీ అయ్యాయి," అన్నాడు.